మా వాడిని ఆటలో అరటిపండు చేయనందుకు

పోయిన ఆదివారం సాయంత్రం కాలనీ గ్రౌండ్‌లో మా వాడు మొదటి బంతికే ఔటయ్యాడు. వికెట్ల బదులు పెట్టిన ప్లాస్టిక్ స్టూలుకి బంతి టప్పున తగిలింది, వాడు బ్యాట్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు, నేను గట్టు మీద కూర్చుని ఇప్పుడు ఎవరో ఒకరు "పాపం, ఇంకో బాల్ ఆడనీ" అంటారని చూస్తున్నాను. ఎవరూ అనలేదు. బౌలింగ్ వేసిన ఇంటర్ బాబు దగ్గరికొచ్చి, "తమ్మీ, ఔటైనవ్. బ్యాట్ ఇయ్యి. మల్ల నీ వంతు వస్తది" అన్నాడు. మా వాడు మొహం ముడుచుకుని బ్యాట్ ఇచ్చేసి ఫీల్డింగ్‌కి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. పక్కన కూర్చున్న వాకింగ్ గ్రూప్ అక్కలు బాధతో ఏడుస్తున్నాననుకుని నీళ్ళ బాటిల్ ఇచ్చారు. బాధ కాదక్కా, సంతోషం. అది ఎందుకో ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా వాడికి పదహారేళ్ళు, డౌన్ సిండ్రోమ్. అంటే పుట్టుకతోనే ఉండేది, ఎదుగుదల, నేర్చుకోవడం నెమ్మదిగా ఉంటాయి. చిన్నప్పుడు మనం దొంగాట ఆడుకునేటప్పుడు మరీ చిన్న పిల్లలను ఆటలో అరటిపండు అని కలుపుకునేవాళ్ళం, గుర్తుందా? వాళ్ళు అందరితో పాటు పరిగెత్తుతారు, అరుస్తారు, కానీ దొంగ కారు, ఔట్ కారు, లెక్కలోకి రారు. ఏ పిల్లలకైనా అది ఒకటి రెండేళ్ళ ముచ్చట. మా వాడు పదేళ్ళు అరటిపండుగానే ఉన్నాడు. పెళ్ళిళ్ళలో, బంధువుల ఇళ్ళలో, స్కూల్ స్పోర్ట్స్ డేలో, ఎక్కడ ఆడినా వాడు కొట్టకముందే చప్పట్లు కొట్టేవాళ్ళు. వాళ్ళది ప్రేమే, కాదనను. కానీ వాడికి అర్థమయ్యేది. అందరూ వాడిని గెలిపిస్తున్నారని తెలిసి, మధ్యలో బ్యాట్ కింద పెట్టేసి వచ్చి నా పక్కన కూర్చునేవాడు.

బయట నేర్పిద్దామని కూడా తిరిగాం. ఒక స్విమ్మింగ్ పూల్ వాళ్ళు "మిగతా పేరెంట్స్ ఒప్పుకోరు మేడం" అని గేటు దగ్గరే చెప్పేశారు. ఒక బ్యాడ్మింటన్ కోచింగ్‌లో మూడు నెలల ఫీజు ముందే తీసుకుని, వాడితో కింద పడిన షటిల్స్ ఏరించారు. పేర్లు రాయను, ఇప్పుడు వాళ్ళతో పని లేదు.

మొదటి కృతజ్ఞత పీఈటీ సార్‌కి. సార్ గవర్నమెంట్ హైస్కూల్లో రిటైరై మా వెనక వీధిలో ఉంటారు. పోయినేడాది ఒక రోజు వాకింగ్‌లో మా వాడి ముందు ఆగి, "నీకు ఏ ఆట ఇష్టం నాన్నా?" అని అడిగారు. నన్ను కాదు, వాడిని. వాడికి మాట వినడానికి, జవాబు కూడబలుక్కోవడానికి టైం పడుతుంది, ఈలోపు అందరూ నా వైపు తిరిగి "ఏమంటున్నాడు?" అంటారు. సార్ తిరగలేదు. అలాగే నిలబడి ఉన్నారు. చాలాసేపటికి వాడు "క్రికెట్" అన్నాడు.

ఆ తర్వాత నన్ను అడిగిన మొదటి మాట, "మెడ డాక్టర్‌కి చూపించారా అమ్మా?" డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడలో పై రెండు ఎముకల మధ్య పట్టు వదులుగా ఉంటుంది, అలాంటి వాళ్ళు పల్టీలు కొట్టడం, నీళ్ళలోకి తలకిందులుగా దూకడం, బంతిని తలతో కొట్టడం ప్రమాదం. బ్యాడ్మింటన్ వాళ్ళు మూడు నెలల్లో ఒక్కసారి కూడా ఇది అడగలేదు. సార్ మాత్రం డాక్టర్ సరే అన్న కాగితం చూశాకే వాడిని గ్రౌండ్‌లోకి దింపారు. ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులు ఎవరైనా చదువుతుంటే, ఆటలు మొదలుపెట్టే ముందు ఇది ఒకసారి అడగండి.

అలా మా వాడితో మొదలై ఇప్పుడు అల్వాల్, లోతుకుంట, బోయిన్‌పల్లి వైపు నుంచి పదకొండు మంది పిల్లలు వస్తున్నారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం ఉన్న జాతీయ సంస్థకి పిల్లలను చూపించడానికి వెళ్ళినప్పుడు వరండాలో పరిచయమైన అమ్మలే ఎక్కువ మంది. లోతుకుంట పాపకి ఆటిజం, విజిల్ వినిపిస్తే చెవులు మూసుకుని కింద కూర్చుండిపోతుంది. రెండో వారం నుంచి సార్ విజిల్ ఇంట్లో వదిలేసి ఎర్ర తువ్వాలు తెస్తున్నారు. తువ్వాలు పైకి లేస్తే మొదలు, దించితే ఆపాలి. ముప్పై ఏళ్ళకు పైగా మెడలో వేసుకున్న విజిల్‌ని ఒక్క పాప కోసం తీసేశారు సార్. వాచ్‌మన్ అన్న అందరికంటే ముందొచ్చి ముగ్గుపిండితో గీతలు వేస్తాడు, సన్నగా వేస్తే మా పిల్లలకి కనిపించవని లావుగా, రెండు వరసలు. అన్నా, నీకు ఎవరూ చెప్పలేదు, నువ్వే చూసి చేశావు.

ఇప్పుడు ఇంటర్, డిగ్రీ పిల్లల గురించి. సాయం చేద్దామని మొదట వచ్చినప్పుడు సార్ వాళ్ళతో, "సాయం చేయడానికైతే వద్దు, ఆడటానికైతే రండి" అన్నారు. స్పెషల్ ఒలింపిక్స్‌లో యూనిఫైడ్ అనే పద్ధతి ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు ఒకే జట్టులో కలిసి ఆడతారు. మా గ్రౌండ్‌లో బోచీ అలాగే ఆడతారు. బోచీ మన గోళీలాటకి పెద్దన్న లాంటిది. ముందు ఒక చిన్న బంతి విసురుతారు, తర్వాత దానికి ఎవరి పెద్ద బంతి దగ్గరగా ఆగితే వాళ్ళకి పాయింట్. జంటలో ఒకరు మా పిల్లలు, ఒకరు వాళ్ళు, మనిషికి రెండు బంతులు. మా వాడు మొదటి నెలంతా తన బంతి వేసి, పరిగెత్తుకెళ్ళి చిన్న బంతిని చేత్తో తీసి తన బంతి పక్కన పెట్టేసేవాడు. జంటలో ఉన్న డిగ్రీ అమ్మాయి ప్రతిసారీ "ఫౌల్" అని చెప్పి, దాన్ని మళ్ళీ పాత చోట పెట్టేది. ఎన్నిసార్లో. ఒక్కసారి కూడా వదిలేయలేదు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. రెండో నెలలో క్రికెట్‌లో ఔటిచ్చారని మా వాడు కోపంతో బ్యాట్ విసిరాడు, అది ఒక బాబు మోచేతికి తగిలి వాచింది. ఆ రాత్రి ఆ బాబు వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చారు. తలుపు తీసేటప్పుడు నా చేతులు వణికాయి, ఇక అయిపోయింది, రేపటి నుంచి రావద్దంటారు అనుకున్నాను. ఆవిడ లోపలికొచ్చి మా వాడితో, "నువ్వు కొట్టావు, అన్నయ్యకి నొప్పి పుట్టింది, సారీ చెప్పాలి" అని, వాడు చెప్పేదాకా కూర్చుని, వెళ్ళేటప్పుడు "ఆదివారం వస్తున్నారు కదా" అన్నారు. వదినా, ఆ రోజు మీకు టీ కూడా ఇవ్వలేదు నేను. ఆ టెన్షన్‌లో గుర్తే రాలేదు.

2024 సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో మన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవన్‌జీ టీ20 విభాగం 400 మీటర్లు 55.82 సెకన్లలో పరిగెత్తి కాంస్యం గెలిచింది కదా. టీ20 అంటే మేధో వైకల్యం ఉన్నవాళ్ళ విభాగం. ఆ రేసు వీడియో మా పిల్లలు గ్రౌండ్‌లో ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. ఆ అమ్మాయి ఆగకుండా లైన్ దాటడం చూసి, గీత దగ్గరికి రాగానే ఆగిపోయే అలవాటున్న ఇద్దరు పిల్లలు ఇప్పుడు దాటి వెళ్తున్నారు.

మొన్న మా వాడు, డిగ్రీ అమ్మాయి కలిసి బోచీ పోటీకి వెళ్ళారు. అక్కడ ముందు చిన్న చిన్న ఆటలు ఆడించి, వయసు, ఆడే తీరు చూసి, సమానంగా ఉన్నవాళ్ళను ఒక గుంపులో పెడతారు. అంటే ఎదుటి జంట నిజంగానే గెలవడానికి ఆడుతుంది. వీళ్ళకి నాలుగో స్థానం వచ్చింది. "మెడల్?" అని అడిగాడు. "మెడల్ మూడో ప్లేస్ దాకానే రా. మనకి రిబ్బన్" అని చెప్పింది ఆ అమ్మాయి. ఆ రిబ్బన్ ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఉంది, ఇంటికి ఎవరొచ్చినా వాడు నాలుగు వేళ్ళు చూపిస్తున్నాడు.

ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా గ్రౌండ్ మాకు వదిలిన అసోసియేషన్ వాళ్ళకి, మీటింగ్‌లో 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటల గురించి ఏముందో చదివి వినిపించిన లా చదివే అమ్మాయికి, వర్షంలో కూడా బోయిన్‌పల్లి పిల్లలను తీసుకొచ్చిన ఆటో అన్నకి చాలా చాలా థ్యాంక్స్.

చివరిగా, ఔటిచ్చిన ఇంటర్ బాబుకి. ఆ రాత్రి అన్నం తింటూ మా వాడు నాతో, "అమ్మా, బాల్ స్ట్రెయిట్. నేను లేట్" అన్నాడు. అప్పటి నుంచి రోజూ సాయంత్రం వరండాలో స్టూలు పెట్టుకుని, వాళ్ళ నాన్నతో బంతి వేయించుకుంటున్నాడు. ఆదివారం మళ్ళీ అదే బంతి వేయి నాన్నా, నెమ్మదిగా వేయకు.