ముందు బ్రేక్ పట్టేస్తుంటే బండి తీసుకురండి, తప్పు నాదే కావచ్చు

సంక్రాంతి తర్వాత నుంచి ఉగాది లోపల మా షెడ్‌లో ముందు డిస్క్ బ్రేక్ పూర్తిగా విప్పించి సర్వీస్ చేయించుకున్నవాళ్లు దయచేసి ఒకసారి బండి తీసుకురండి. పైసా ఇవ్వక్కర్లేదు. బిల్లు పుస్తకం తిరగేస్తే 23 బళ్లు లెక్క తేలాయి. 9 మందికి ఫోన్ చేశాను, మిగతావాళ్ల నంబర్లు నేనే సరిగ్గా రాసుకోలేదు, అందుకే ఇలా అందరికీ కలిపి చెప్తున్నా.

సంగతేంటంటే, రెండు నెలల కింద బుక్కరాయసముద్రం వైపు నుంచి ఒక పిల్లోడు బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న ట్రయల్స్ బండిని ఆటోలో వేసుకొచ్చాడు. అనంతపురంలో ఇన్నేళ్లుగా పానా పడుతున్నా, అలాంటి బండి నా చేతికి రావడం అదే మొదలు. కూర్చునే సీటే లేదు, నిలబడే నడపాలి, బరువు 70 కిలోలు అటూఇటూ, బండరాళ్లు ఎక్కించడానికే చేసిన బండి, పోటీలో కాలు కింద పెడితే పెనాల్టీ. ముందు టైరు నొక్కితే మెత్తగా ఉంది. పంక్చర్ అనుకుని గాలి కొట్టబోతే "అన్నా ఆగన్నా, దానికి ఆరు పాయింట్లే" అన్నాడు. రోజూ 25, 28 కొట్టే చెయ్యి కదా నాది.

కంప్లయింట్ ఒకటే, ముందు బ్రేక్ పడితే వదలదు. రాయి అంచు మీద చక్రం ఆనించి ఒక్క వేలితో బ్రేక్ ఆడించే ఆటలో అలా అయితే నేరుగా మూతి పగులుతుంది.

క్యాలిపర్ (చక్రం దగ్గర ప్యాడ్లతో డిస్క్‌ను పట్టుకునే భాగం) విప్పా. నాలుగు చిన్న పిస్టన్లలో రెండు బిగుసుకుపోయాయి. సీలు కూర్చునే గాడిలో తెల్లటి పొడి గట్టిపడి ఉంది, అల్యూమినియానికి పట్టే చిలుము లాంటిది. డిస్క్ బ్రేక్‌లో పిస్టన్‌ను వెనక్కి లాగే స్ప్రింగ్ ఏదీ ఉండదు, ఆ రబ్బరు సీలే కొంచెం మెలిపడి మళ్లీ తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను వెనక్కి తెస్తుంది. గాడిలో పొడి చేరితే సీలు ఇంక మెలిపడదు, పిస్టన్‌ను బిగబడుతుంది. సరే, గాడి గీకి, అన్నీ పెట్రోల్‌లో కడిగి, నున్నగా జారాలని మామూలు గ్రీజు రాసి బిగించా. పనిలో పని, పైన లివర్ దగ్గర ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి సామాను కూడా అదే పెట్రోల్‌లో ముంచి, అదే గ్రీజు రాశా. బ్రేక్ బాగా పట్టింది, బాగా వదిలింది, పిల్లోడు సంతోషంగా వెళ్లాడు.

మూడో రోజు మళ్లీ వచ్చాడు. ఈసారి కొంచెం తేడా ఉంది, ఎండలో నాలుగైదు సార్లు బ్రేక్ పడితే పట్టేస్తుంది, నీడలో పది నిమిషాలు పెడితే వదులుతుంది. ఆ తేడా నేను పట్టించుకోలేదు. బ్రేక్ ఆయిల్ మార్చి, అందులో చేరిన గాలి తీసి పంపించేశా. నాలుగు రోజులకు మళ్లీ అదే ఆటో, అదే బండి.

అప్పుడు కూర్చుని మొదటి రోజే చేయాల్సిన పని చేశా. బ్రేక్ పట్టేసి ఉన్నప్పుడే క్యాలిపర్ దగ్గర బ్లీడ్ నిపుల్‌ను (ఆయిల్‌లో గాలి తీసే చిన్న బోల్టు) 8 నంబర్ పానాతో కొంచెం వదులు చేస్తే ఆయిల్ చిమ్మి చక్రం వదిలింది. అంటే పిస్టన్లు బాగానే ఉన్నాయి, ప్రెషర్ వెనక్కి పోవడం లేదు. నిపుల్ బిగించి, మళ్లీ పట్టేసేదాకా లివర్ కొట్టి, ఈసారి గుడ్డ చుట్టి (బ్రేక్ ఆయిల్ పడితే పెయింట్ లేచిపోతుంది) పైన మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు బోల్టు వదులు చేశా. అక్కడా వదిలింది. పైపు లోపల మూసుకుపోయి ఉంటే పైన విప్పితే వదలదు, కింద విప్పితేనే వదులుతుంది. కాబట్టి దొంగ మాస్టర్ సిలిండర్‌లోనే ఉన్నాడు.

దాని మూత తీసి చూస్తే ఆయిల్ తొట్టి అడుగున రెండు రంధ్రాలు, ఒకటి పెద్దది, ఇంకోటి సూది మొనంత. లివర్ వదిలాక ప్రెషర్ ఆ సన్న రంధ్రంలోంచే తొట్టిలోకి తిరిగి రావాలి. మంచి బ్రేక్‌లో లివర్‌ను మెల్లగా నొక్కితే అక్కడ ఆయిల్ చిన్న ఊట లాగా పైకి లేస్తుంది, ఇక్కడ చలనమే లేదు. లోపలి పిస్టన్ బయటికి లాగితే రబ్బరు కప్పు నానిన శనగగింజ లాగా ఉబ్బి ఉంది, వేలికి జిగురు తగులుతోంది. ఆ ఉబ్బిన అంచే రంధ్రాన్ని మూసేసింది. ఎండకు, బ్రేక్ వేడికి ఆయిల్ పొంగుతుంది, పోయే దారి లేక ప్యాడ్లను నొక్కుతుంది.

ఉబ్బించింది నేనే. బ్రేక్ ఆయిల్‌కు తట్టుకునే ఆ రబ్బరు పెట్రోల్‌కు, ఇంజిన్ ఆయిల్‌కు, మామూలు గ్రీజుకు తట్టుకోదు. మొదటిసారి పట్టేసింది పొడి వల్ల, తర్వాత రెండుసార్లు పట్టేసింది నా వల్ల. నాకు పని నేర్పినాయన డ్రమ్ బ్రేకుల కాలంవాడు, అన్నీ పెట్రోల్‌లోనే కడిగేవాడు, డ్రమ్‌కు అది చెల్లింది. డిస్క్‌లో నేను మొన్నటిదాకా ప్యాడ్లు మార్చడమే, సీళ్ల దాకా విప్పడం ఈ సంక్రాంతి తర్వాతే మొదలుపెట్టా, అందుకే ఆ 23 బళ్ల టెన్షన్.

ఆ బండికి కొత్త సీళ్ల కిట్ రావడానికి 18 రోజులు పట్టింది.

ఇప్పుడు బ్రేక్ సామానుకు వేరే ట్రే పెట్టా. కడగడం బ్రేక్ క్లీనర్‌తో, సీళ్లకు రాసేది కొత్త బ్రేక్ ఆయిల్ లేదా రబ్బరు గ్రీజు మాత్రమే. ఆయిల్ కూడా చిన్న డబ్బాలే కొంటున్నా, ఎందుకంటే మూత తీసిన డబ్బా గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ తాగాక ఆ హద్దు 155కి పడిపోతుంది. వీటివల్ల డిస్క్ సర్వీస్ కూలి 80 రూపాయలు పెంచక తప్పలేదు. ఇంకో మాట, యూరప్ బళ్లలో కొన్నింటికి క్లచ్‌లో మినరల్ ఆయిల్ పోస్తారు, అది పొరపాటున బ్రేక్ తొట్టిలో పడితే ఇదే గతి, మూత మీద ఏం రాసి ఉందో చదివి పోయండి.

మీ బండి సంగతి ఇంట్లోనే తెలుసుకోవచ్చు. కాసేపు నడిపాక మెయిన్ స్టాండ్ వేసి, వెనక బరువు పెట్టి ముందు చక్రం లేపి తిప్పండి, ప్యాడ్ కొంచెం రాసుకున్న చప్పుడు మామూలే, కానీ చేత్తో తిప్పితే ఒక చుట్టైనా తిరగకపోతే తేడా ఉన్నట్టే. డిస్క్‌ను చేత్తో ముట్టుకోకండి, కాలుతుంది. ఆన్‌లైన్‌లో కొన్న ఫ్యాన్సీ లివర్ వేసుకున్నవాళ్లు లివర్‌కు కొంచెం ఆట (నొక్కగానే మొదట్లో ఉండే వదులు) ఉందో లేదో చూసుకోండి, ఆట లేకపోతే లోపలి పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, కప్పు బాగున్నా రంధ్రం మూసుకునే ఉంటుంది. మొన్న ఒక బండికి అంతే, లివర్ మార్చితే సరిపోయింది.

వచ్చే నాలుగు ఆదివారాలు పొద్దున 7 నుంచి 11 దాకా ఈ 23 బళ్లకే. సీల్ కిట్ ఖర్చు నాది. పట్టేసి ఉంటే మాత్రం నడుపుకుంటూ రావద్దు, ఫోన్ చేయండి, ఆటో పంపిస్తా.