మేతను వ్యర్థం అంటే నష్టపోయేది ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం పాడి పశువుల దాణా మీద మీరు వేసిన వార్త చదివి నాలుగు రోజులు ఊరుకుందామనే చూశాను. నా వల్ల కాలేదు. ఫ్యాక్టరీల్లో మిగిలిన పిప్పి, పొట్టు ఆవులకు పెడుతున్నామని మమ్మల్ని దోషుల్లా నిలబెట్టారు. శీర్షికలో 'వ్యర్థాలు' అన్న మాట ఒక్కటి చాలు, మా పాలు తాగేవాళ్లకు టెన్షన్ పట్టుకోవడానికి.

బీరు తయారీలో బార్లీ నుంచి చక్కెర తీసుకున్నాక మిగిలే పిప్పిలో, తడి పోగా, దాదాపు నాలుగో వంతు ప్రోటీనే. ఇథనాల్ కోసం మొక్కజొన్నను పులియబెట్టాక మిగిలేదీ అలాంటిదే. మనిషికి అరగని ఆ పీచును ఆవు కడుపులోని సూక్ష్మజీవులు అరిగించుకుని పెరుగుతాయి. చివరికి అవే ఆవుకు ప్రోటీన్ అవుతాయి. దీన్ని చెత్త అనడానికి నోరెలా వచ్చింది? సోయా చెక్కలో 44 నుంచి 48 శాతం ప్రోటీన్ ఉంటుంది, దీనికంటే బలమైనదే, కాదనను. కానీ దాని ధర పెరిగినప్పుడల్లా మా నడుం విరుగుతోంది.

అసలు ఇబ్బంది వేరే ఉంది, మీ వార్త దాన్నే వదిలేసింది. తడి పిప్పిలో నూటికి 75 నుంచి 80 పాళ్లు నీరే. టన్ను కొంటే అందులో మేత రెండు, రెండున్నర క్వింటాళ్లు. గాలి తగలకుండా పాతర వేయకపోతే ఎండల్లో నాలుగు రోజులు ఆగదు. మొన్న ఒక లోడు తెప్పించాను. ఆ రోజు సరుకే అన్నారు. పైకి బంగారు రంగులో బాగానే ఉంది. మోచేతి దాకా చెయ్యి పెట్టి తీస్తే ఉండలు, ఉండల మీద బూడిద రంగు బూజు. రోజూ తొట్టి నాకేసే ఆవు ఒక్కసారి వాసన చూసి, గట్టిగా చీది మొహం తిప్పుకుంది.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే, "అది మా సరుకు కాదండీ, మిగిలింది ఇస్తున్నాం" అన్నారు. ఒక ఆఫీసుకు వెళితే ఇది దాణా కిందికి రాదన్నారు. ఇంకో ఆఫీసులో, డబ్బు పెట్టి కొన్నారు కాబట్టి వ్యర్థాల కిందికీ రాదన్నారు. ఎక్కడికి వెళ్లినా ఇదే తంతు. ఫైలు ఎవరిదో తేలేలోపు పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. మునుపు పశువైద్యులు పాకలోకి వచ్చి, దాణా గుప్పిట్లోకి తీసుకుని వాసన చూసేవారు. ఇప్పుడు ఫోటో పంపమంటున్నారు. బూజు వాసన ఫోటోలో తెలుస్తుందా?

ఇది నా ఒక్క లోడు గొడవ కాదు. మొక్కజొన్నలో బూజు విషం ఉంటే, ఇథనాల్ కోసం పిండి పదార్థం పోయి మిగిలిన దాంట్లో అది దాదాపు మూడింతలు అవుతుంది. అలాంటి బూజు విషమే అఫ్లాటాక్సిన్, అది మేతలోంచి పాలలోకి దిగుతుంది, కాచినా పోదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్ దానికి పెట్టిన హద్దు కిలో పాలకు అర మైక్రోగ్రాము, ఐరోపాలో అందులో పదో వంతే. పాలలో అంత సన్నగా లెక్క చూడాలని రాసుకున్నప్పుడు, ఆ విషం మోసుకొచ్చే మేతను ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎందుకు చూడరు? మేం పోసే పాలలో వెన్న కాస్త తగ్గితే మాత్రం అక్కడికక్కడే డబ్బు కోస్తారు.

బ్రిటన్‌లో కబేళాల్లో మిగిలిన మాంసం, ఎముకల పొడి ఆవులకు పెట్టారు. 1986లో పిచ్చి ఆవు వ్యాధి బయటపడింది, 1988లో గానీ ఆ మేత మీద నిషేధం రాలేదు. ఏ మిగులు పనికొస్తుందో, ఏది పనికిరాదో ముందే తేల్చాల్సినవాళ్లు అప్పుడూ ఆలస్యం చేశారు.

లోడుతో పాటు ఒక్క కాగితం ఇప్పించండి చాలు. ఏ రోజు తీసిన పిప్పి, తడి ఎంత, ప్రోటీన్ ఎంత, బూజు విషం పరీక్ష చేశారా లేదా. నాకిచ్చిన రసీదులో బరువు ఉంది, డబ్బు ఉంది, సరుకు పేరు రాయాల్సిన చోట 'మిగులు' అని మాత్రమే ఉంది. దాన్ని దాచిపెట్టాను. మీ విలేఖరి వస్తే చూపిస్తాను.

ఇట్లు,
ఒక పాడి రైతు