మొదటి పీరియడ్ కునుకులు

సంపాదకులకు నమస్కారం. పైథాగరస్ సిద్ధాంతం బోర్డు మీద రాసి ఎవరికైనా డౌటుందా అని అడిగితే వెనక బెంచీ నుంచి ఠక్కున ఓ చెయ్యి లేస్తుంది, తీరా అడిగేది బెల్లు ఎప్పుడు కొడతారని! క్లాసంతా నవ్వుతుంది, నాకూ నవ్వాగదు, ఆ నవ్వయ్యాకే పాఠం బాగా ఎక్కుతుంది కూడా. హైస్కూల్ పిల్లలతో ఇలాంటివి రోజూ ఉండేవే. కానీ మొదటి పీరియడ్‌లో కునికిపాట్లు పడేవాళ్లను సోమరులంటే మాత్రం నేను ఒప్పుకోను. ఆ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది, వాళ్లకేమో 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. హైస్కూళ్లు ఉదయం 8:30 కంటే ముందు మొదలుపెట్టొద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2014లోనే సూచించింది. తెల్లవారగానే ఎక్స్‌ట్రా క్లాసులు పెట్టే పెద్దలు దయచేసి దీన్ని పట్టించుకోండి. సంపాదకులుగా మీరు కూడా ఈ విషయం మీద వైద్యులతో ఒక వ్యాసం రాయించండి.

- ఒక లెక్కల టీచర్