సంక్రాంతికి ఇస్తానన్న రేడియేటర్లు, మా మేనల్లుడి మంచు బండి

అందరికీ నమస్కారమండి. బెజవాడ ఆటోనగర్‌లో లారీలకీ, కోత మిషన్లకీ రేడియేటర్లు చేసే షెడ్డు నాది. సంక్రాంతికి ముందు ఇచ్చేస్తానని మాటిచ్చి ఫిబ్రవరి రెండో వారం దాకా ఇవ్వలేకపోయిన రేడియేటర్లు పదకొండు. అడిగినవాళ్లకి కోర్లు (రేడియేటర్‌లో నీళ్లు తిరిగే గొట్టాలు, వాటి మధ్య ఫిన్నులనే సన్న రేకులు) రాలేదనీ, వెల్డింగ్ కుర్రాడు ఊరెళ్లాడనీ చెప్పాను. కుర్రాడు ఊరెళ్లింది నాలుగు రోజులే, కోర్లు టైముకే వచ్చాయి. అసలు సంగతి, పండగ ముందు మూడు వారాలు నేను అమెరికాలో ఉన్న మా అక్క కొడుకు మంచు బండికి రేడియేటర్ చేస్తూ కూర్చున్నాను. గన్నవరం లారీ ఓనరు ఒకాయనకి ఇది మా కుర్రాడి నోటి నుంచే తెలిసిపోయింది. "ఇక్కడ మా బండి మరిగిపోతుంటే నువ్వు మంచులో తిరిగే బండిని చల్లబరుస్తున్నావా" అన్నారు. ఏం చెప్పను? తల దించుకుని కోర్ బిగించి ఇచ్చాను. ఆయనతో పాటు మిగతా పది మందికీ కూడా క్షమాపణ చెప్పాలి కాబట్టి, ఆ పని వల్ల నా షాపులో కొన్ని మారుతున్నాయి కాబట్టి, ఇది రాస్తున్నా.

మేనల్లుడు ఉండేది సాల్ట్ లేక్ సిటీలో. కంప్యూటర్ ఉద్యోగం. శనివారం వస్తే యూయింటా కొండల మీదికి స్నోమొబైల్ వేసుకుని పోతాడు. చూడనివాళ్లకి చెప్పాలంటే ముందు మంచు మీద జారే రెండు పలకలు (స్కీలు), వెనక పొక్లెయిన్ చైన్ లాంటిదే కానీ రబ్బరు పట్టా, మీద బైకు సీటు. 1959లో కెనడాలో బాంబార్డియర్ అనే ఆయన స్కీ-డూ పేరుతో అమ్మిన దగ్గర్నుంచి ఇవి జనంలోకి వచ్చాయి, అప్పట్లో వాటికి గాలితో చల్లారే చిన్న ఇంజన్లు. ఇప్పుడు వాడి దగ్గరున్నది 850 సీసీ టూ స్ట్రోక్, దానికి టర్బో. టర్బో ఎందుకంటే వాడు తిరిగేది 3000 మీటర్ల ఎత్తులో, అక్కడ గాలి మన బెజవాడ గాలి కన్నా పావు వంతు పైగా పల్చన, మామూలు ఇంజన్‌కి ఆయాసమొస్తుంది. టర్బో ఆ గాలిని నొక్కి లోపలికి పంపిస్తుంది, ఎంత నొక్కితే గాలి అంత వేడెక్కుతుంది, ఎక్కువ గాలితో పాటు ఎక్కువ పెట్రోలు మండుతుంది, ఆ వేడంతా మళ్లీ ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ల (కూలెంట్) నెత్తినే పడుతుంది.

నాకు ఆశ్చర్యం అనిపించింది ఏంటంటే ఆ బండికి ముందువైపు రేడియేటరే లేదు. పట్టా పైన సొరంగంలా ఒక అల్యూమినియం రేకు కప్పు ఉంటుంది, కూలెంట్ దానిలోని దారుల్లో తిరుగుతుంది, పట్టా తిరుగుతూ కింది మంచుని ఎగరేసి ఆ కప్పుకి కొడుతుంది, మంచు కరిగి వేడిని పట్టుకుపోతుంది. ఫ్యాను లేదు, బెల్టు లేదు. మొదట నవ్వొచ్చింది, లెక్క వేశాక నోరు మూసుకున్నా. ఒక కిలో మంచు కరగాలంటే 334 కిలోజౌళ్లు కావాలి, అంటే కిలో నీళ్లని 80 డిగ్రీలు వేడి చేసినంత. అంత వేడిని మన లారీలోలాగా గాలికి ఇవ్వాలంటే, గాలి 30 డిగ్రీలు వేడెక్కుతుందనుకున్నా, పదకొండు కిలోల గాలి కావాలి. ఓ బాత్‌రూమ్ నిండా గాలి అన్నమాట. కిలో మంచేమో ఒక బకెట్‌లో పట్టేస్తుంది. ముప్పై ఏళ్లుగా ఫిన్నులు లెక్కపెట్టుకుంటూ బతికినవాడిని, ఆ బండి చేసినవాళ్ల మీద కాస్త అసూయ కూడా కలిగింది.

చిక్కల్లా మంచు ఎగరకపోతే. మెత్తటి కొత్త మంచులో బండి ఎంత రెచ్చిపోయినా చల్లగానే ఉంటుంది. పార్కింగ్ నుంచి కొండ దాకా వెళ్లే దారి మాత్రం పదిమంది బళ్లు తొక్కి తొక్కి సిమెంటు రోడ్డులా గట్టిపడి ఉంటుంది, అక్కడ పట్టా మంచుని లేపలేదు, కప్పుకి ఏమీ తగలదు, టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది, కంప్యూటర్ పవర్ తగ్గించేస్తుంది. దీనికోసం స్క్రాచర్లని ఉంటాయి, స్ప్రింగు లాంటి కడ్డీ చివర గట్టి మొన, స్కీల వెనక నేలని గీరుతూ మంచు పొడిని లేపి లోపలికి పంపిస్తాయి. అయినా హీటెక్కుతోంది మామయ్యా, ఒక చిన్న రేడియేటర్ చేసి పంపు అన్నాడు. నేనేం అడిగానో తెలుసా? ఎంత పెద్దది పడుతుంది అని. బండి ఏంటి, ఎప్పుడు హీటెక్కుతోంది, ఏం మార్చారు, ఇవేవీ కాదు. మీలో చాలామంది మా షెడ్డుకి వచ్చినప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న కూడా అదే, ఒప్పుకుంటున్నా.

రాగి, ఇత్తడితో చేస్తే బరువు. కొండ మీద బండి కూరుకుపోతే మనిషే లాగి ఎత్తుకోవాలి కాబట్టి వాళ్లకి ప్రతి కిలో లెక్కే. అందుకని అల్యూమినియం కోర్, ఆర్గాన్ వెల్డింగ్, చిన్న ఫ్యాను. ఫ్యానుతోనూ తిప్పలే, ఈ బళ్లల్లో కొన్నిటికి బ్యాటరీ కూడా ఉండదు, తాడు లాగి స్టార్ట్ చేస్తారు, కరెంటు కొలిచి వాడుకోవాలి. ట్యాంకుల అంచులు రెండుసార్లు లీకయ్యాయి, నీళ్ల తొట్టిలో పెట్టి గాలి కొట్టి చూడటం, మళ్లీ గ్రైండింగ్, మళ్లీ వెల్డింగ్. మీ పదకొండు రేడియేటర్లు పక్కన వరసగా నన్నే చూస్తున్నాయి. పండగ ముందు రోజు కొరియర్‌లో వేశా.

బిగించాక ముందు కన్నా ఎక్కువ హీటెక్కింది.

అవును, ఎక్కువ. వీడియో కాల్‌లో వాడి మొహం చూసి నాకు చెమటలు పట్టాయి, అక్కడ మైనస్ పన్నెండు. నాలుగు రోజులు ఆలోచిస్తే తేలిందేంటంటే, నా రేడియేటర్ బానెట్ కింద పైన కూర్చుంది, కూలెంట్ పోసే డబ్బా దానికన్నా కిందుంది. గాలి పైకి పోయి నా ట్యాంకులోనే ఇరుక్కుంది, నీళ్లు తిరగటంలేదు. అప్రెంటిస్ కుర్రాడు చేస్తే మొట్టికాయ వేసే తప్పు. పైన గాలి పోయే చిన్న నిపుల్ ఒకటి అక్కడే వెల్డింగ్ చేయించి, దాన్నుంచి డబ్బాకి సన్న పైపు వేయించి, బండి ముందుభాగం ఎత్తిపెట్టి గాలి తీస్తే అప్పుడు కుదుటపడింది. తర్వాత ఇంకొకటి, మెత్తటి మంచులోకి దూకినప్పుడు పొడి వచ్చి ఫిన్నుల ముందు పేరుకుని అట్ట కట్టేస్తోంది. దానికి సన్నటి జాలీ వేసి, గాలి పక్కనుంచి తీసుకునేలా మార్చాం.

ఇంతా అయ్యాక ఒక రోజు వాడే ఫోన్ చేసి, మామయ్యా నవ్వకు, ఎడమవైపు స్క్రాచర్ మొన ఎప్పుడో విరిగిపోయి ఉందట అన్నాడు. రివర్స్ చేసినప్పుడు కొన్ని రకాలు అలా విరుగుతాయట. కొత్త జత వేసుకుంటే గట్టి దారిలో ముల్లు పది డిగ్రీలకి పైగా దిగింది. నా రేడియేటర్ వల్ల దిగింది నాలుగైదు. నా మూడు వారాలు, మీ పదకొండు బళ్లు, అక్కడ ఒక చిన్న కడ్డీ.

ఆ రాత్రి పాత బిల్లుల పుస్తకం తీసి చూశా. గుడివాడ వైపు వరి కోత మిషన్ ఒకటి, నిరుడు దాళ్వా కోతల్లో హీటెక్కుతోందని తెస్తే మూడు వరసల కోర్ తీసి నాలుగు వరసలది వేశాను, పదిహేను రోజులకి మళ్లీ వచ్చింది. మళ్లీ వచ్చినప్పుడు చూస్తే ఫిన్నుల మధ్య గడ్డి దుమ్ము, పొట్టు గట్టిగా కూరుకుపోయి ఉంది. మందం పెరిగిన కోర్‌లోంచి గాలి దూరటం ఇంకా కష్టం, ఫ్యాను మాత్రం పాతదే, అంటే నేను డబ్బు తీసుకుని ఆయన కష్టాన్ని పెంచాను. గుంటూరు యార్డుకి మిర్చి తోలే లారీ ఇంకొకటి, దానికి ఫ్యాను చుట్టూ ఉండాల్సిన తొడుగు (ష్రౌడ్) ఎవరో పీకేశారు, ఫ్యాను కోర్‌లోంచి కాకుండా పక్కల నుంచి గాలి లాగుతోంది. దానికీ పెద్ద కోరే వేశా. ఈ ఇద్దరికీ ఫోన్ చేశాను, కోర్ ఖర్చు తేడా వెనక్కి ఇస్తున్నా. ఇంకా ఎవరికైనా అలా జరిగిందనిపిస్తే పాత బిల్లు తీసుకురండి, గొడవ అక్కర్లేదు, కూర్చుని చూద్దాం.

ఇకనుంచి హీటెక్కుతోందని వచ్చిన ఏ బండికీ రేడియేటర్ ధర ముందు చెప్పను. ముందు రేడియేటర్ మూత ప్రెషర్ పట్టుకుంటోందా అని చూస్తా. 0.9 బార్ మూత సరిగ్గా పనిచేస్తే మన ఊళ్లో నీళ్లు దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు, అదే మూత వదులైతే వందకే పొంగుతాయి. తర్వాత ఫిన్నులు, ష్రౌడ్, బెల్టు, లోపల బోరు నీళ్ల గార. టర్బో బండైతే రేడియేటర్ ముందున్న, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కూడా విప్పి చూస్తా, ఆ రెండిటి మధ్య చెత్త పేరుకుంటే బయటికి కనపడదు. ఈ చూడటానికి 400 రూపాయలు, రేడియేటర్ పని మా దగ్గరే చేయిస్తే అది బిల్లులో తగ్గిస్తా. కొందరికి నచ్చదని తెలుసు, పక్క షెడ్డులో ఊరికే చూస్తారు. చూడనివ్వండి.

థర్మోస్టాట్ సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి, ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు అది. మన ఆటోనగర్‌లో బండి హీటెక్కితే ముందు థర్మోస్టాట్ పీకి పారేయటం అలవాటు, నేనూ వందల్లో పీకాను. మేనల్లుడు చెప్పిన మాట ఒకటి తలలో నిలిచిపోయింది. చలిలో ఇంజన్ వేడెక్కకముందే యాక్సిలరేటర్ నొక్కేస్తే పిస్టన్ ముందు ఉబ్బుతుంది, సిలిండర్ ఇంకా చల్లగానే ఉంటుంది, రెండూ పట్టేసుకుంటాయట. మన ఎండలో పట్టేసుకోకపోవచ్చు, కానీ థర్మోస్టాట్ లేని డీజిల్ ఇంజన్ తెల్లవారుజామున వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, ఆ సేపంతా డీజిల్ ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుతుంది. వేసవి తాపం కోసం పీకిన ముక్క ఏడాదంతా నష్టం చేస్తుంది.

కాబట్టి మా షెడ్డులో థర్మోస్టాట్ పీకించుకున్నవాళ్లు ఈ నెలాఖరులోగా బండి తీసుకురండి. ముక్క ఖరీదు మీది, బిగించే కూలీ నేను తీసుకోను. కోత మిషన్లవాళ్లు దాళ్వా కోతలు మొదలవకముందే రండి, ఏప్రిల్‌లో వచ్చి ఇప్పుడే కావాలంటే నావల్ల కాదు, ముగ్గురమే ఉన్నాం. ఆదివారం సెలవు. మేనల్లుడు ఇంకో స్నేహితుడి బండికి కూడా చేసి పెట్టమంటున్నాడు, ముందు స్క్రాచర్లు చూసుకోమని చెప్పా.