రంగులు సరే, సున్నం మాటేమిటి?

సంపాదకులకు,

ఊరి నడిబొడ్డున ఉన్న పాత వీధుల రూపం చెడకూడదని డిజైన్ నిబంధనలు పెట్టడం మంచిదే. కానీ చర్చంతా రంగులు, బోర్డుల సైజు దగ్గరే ఆగిపోతోంది. అసలు దెబ్బ సిమెంటుతో తగులుతోంది. సున్నంతో కట్టిన ఇటుక గోడ తడిని పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది. దాని సందుల్లో గట్టి సిమెంటు కూరితే ఆ తడి ఇటుకలోంచే బయటపడాలి. కొన్నేళ్లకు ఇటుక పైపొర పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది, వేలితో గీస్తే ఎర్రపొడి రాలుతుంది. దీన్నే మనం మరమ్మతు అంటున్నాం!

కొత్త భవనాలను పాతవాటికి నకళ్లుగా కట్టమనడమూ తప్పే. అతికించిన ఫైబర్ స్తంభాలు ఎవరిని నమ్మిస్తాయి? పాత కట్టడంలో భర్తీ చేసిన భాగాలు మిగతావాటితో కలిసిపోవాలి, అయినా కొత్తవని తెలియాలి అని చారిత్రక కట్టడాల పరిరక్షణకు మార్గదర్శకమైన అంతర్జాతీయ పత్రం, 1964 నాటి వెనిస్ చార్టర్ చెబుతోంది. కొత్త భవనానికీ అదే వర్తింపజేయవచ్చు. ఎత్తు, కిటికీల వరస, వీధి అంచు పక్కవాటితో కుదిరితే గాజు వాడినా కంట్లో నలుసులా ఉండదు.

అమెరికాలోని చార్ల్స్‌టన్ నగరం 1931లోనే చారిత్రక ప్రాంతానికి జోనింగ్ నిబంధనలు (ఎక్కడ ఏం, ఎలా కట్టవచ్చో చెప్పేవి), డిజైన్లు పరిశీలించే బోర్డు పెట్టుకుంది. అలాంటి బోర్డు ఎక్కడ వేసినా, ఆర్కిటెక్టుల పక్కన సున్నం పని తెలిసిన తాపీ మేస్త్రీకీ ఓ కుర్చీ వేయండి.

– ఒక పాఠకుడు