వార్షిక నివేదిక, 2025: మన డ్రమ్ కోర్ వేసవి

సభ్యులందరికీ నమస్కారం.

డ్రమ్ కోర్‌లలో, అంటే మైదానంలో నడుస్తూ వాయించే పోటీ బృందాల్లో, ఉన్న పిల్లల తెలుగు కుటుంబాల మన సంఘానికి కార్యదర్శిగా ఇది నా రెండో నివేదిక. నిరుడు నేను రాసింది పరీక్షా ఫలితాల పట్టికలా ఉందని సర్వసభ్య సమావేశంలో ఒకరు మెత్తగానూ, ఇద్దరు గట్టిగానూ చెప్పారు. ఏ కోరుకు ఎన్ని పాయింట్లు, ఎవరు ఎవరికంటే పదో వంతు ముందు, అంతా అదే గోల. ఈసారి ఆ దోషం దిద్దుకుంటున్నాను. జమాఖర్చుల లెక్క కోశాధికారి గారు విడిగా పంపారు కాబట్టి దాని జోలికీ పోను. మిగిలింది ఈ ఏడాది మనం చేసిన పనులు, అందులోనూ ముఖ్యంగా నవంబరు నాటి జ్ఞాపకాల సాయంత్రం.

కొత్తగా చేరిన కుటుంబాల కోసం ముందుగా కొన్ని మాటలు. డ్రమ్ కోరులో ట్రంపెట్, మెలోఫోన్, బారిటోన్, ట్యూబా వంటి ఇత్తడి వాద్యాలు, రకరకాల డ్రమ్ములు, జెండాలనూ చెక్క తుపాకులనూ గాల్లోకి ఎగరేసి పట్టుకునే కలర్ గార్డ్ ఉంటాయి. క్లారినెట్, ఫ్లూట్, శాక్సఫోన్‌లకు చోటు లేదు. మన పిల్లలు వెళ్లే యువ కోర్‌లలో 22 ఏళ్లు దాటిన వారికీ చోటు లేదు. పెద్ద కోరులో 150 మందికి పైగా పిల్లలు బస్సుల్లో దేశం తిరుగుతూ, ఏదో ఒక ఊరి హైస్కూలు జిమ్‌లో నేల మీద పడుకుంటూ, పదీ పన్నెండు నిమిషాల ఒకే ఒక్క ప్రదర్శనను వేసవంతా చెక్కుతూనే ఉంటారు. మాజీ సైనికుల సంఘాల్లో, చర్చిల్లో, పేటల్లో పుట్టిన ఈ కోర్‌లు కొన్ని కలిసి 1971లో డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్‌గా ఏర్పడ్డాయి. మరుసటి ఏడాది విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్‌లో తొలి ఛాంపియన్‌షిప్ జరిగింది. మనం ఉండే చోటు చూస్తే, రెండు పెద్ద గుళ్ల మధ్య ఇల్లు కట్టుకున్నట్టే. కాలిఫోర్నియాలోనే ఇటు శాంతాక్లారాలో 1967లో మొదలైన వ్యాన్‌గార్డ్ కోర్, అటు కాంకర్డ్‌లో బ్లూ డెవిల్స్ కోర్. మన పిల్లల్లో చాలామంది హైస్కూలు మార్చింగ్ బ్యాండులో ఉండగానే ఈ రెండింటి మోత చెవిన పడి ఇటు తిరిగినవాళ్లే.

ఇంకొక మాట. దీన్ని ‘కోర్’ అని పలకాలి. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి ‘కార్ప్స్’ అంటే శవం అనే మాట వినపడుతుంది. సంఘం మొదటి ఆహ్వాన పత్రంలో నేనే అలా అచ్చు వేయించాను. గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఎవరు పోయారని అడిగారు. ఆ పత్రాన్ని ఎవరూ మరవనివ్వరు.

జనవరిలో ఎంపికలకు వెళ్లే పిల్లల తల్లిదండ్రులతో సమావేశం పెట్టాం. వేలల్లో ఉండే పర్యటన రుసుము గురించీ, ఎండ గురించీ, మోకాళ్ల గురించీ మాట్లాడుకున్నాం. వేసవి ఇంటర్న్‌షిప్ మానుకుని పిల్లలు దీనికి వెళ్లవచ్చా అన్న చర్చ ఎప్పటిలాగే గంటన్నర నడిచింది. అది తేలలేదు, వచ్చే జనవరిలోనూ తేలదు. మేలో పర్యటనకు వెళ్లేవారికి మేజోళ్లు, సన్‌స్క్రీన్, గ్యాలను నీళ్ల సీసాలు సర్ది పంపాం.

వేసవిలో మన ప్రాంతంలో జరిగిన పోటీకి అందరం కలిసి వెళ్లాం. ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. సాధారణంగా తక్కువ పాయింట్ల కోర్‌లు ముందు వస్తాయి, పేరున్నవి చివర వస్తాయి. నేను పెద్ద కోర్‌ల వేళ చూసుకుని అందరికీ అదే సమయం పంపాను. మన పిల్లాడొకడు చిన్న కోరులో ట్యూబా మోస్తూ ఆటకు మొదట్లోనే మైదానంలోకి దిగాడని, మనం గేటు దాటేసరికే వాళ్ల ప్రదర్శన అయిపోయిందని తరవాత తెలిసింది. వాళ్లమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

ఆగస్టులో ఆరు కుటుంబాలు ఇండియానాపొలిస్ వెళ్లాయి. 9వ తేదీ రాత్రి లూకాస్ ఆయిల్ స్టేడియంలో ఛాంపియన్‌షిప్ ఫైనల్స్ చూశాయి. పాయింట్లు చెప్పనన్నాను గాని ఇదొక్కటి చెప్పకుండా ఉండలేను: బోస్టన్ క్రూసేడర్స్ గెలిచారు. 1940లో పుట్టిన కోర్. డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్‌ను స్థాపించిన వాటిలో ఒకటి. అయినా మొదటిసారి ఫైనల్స్‌కు చేరింది 1999లో. ఆ ఛాంపియన్‌షిప్‌లో మొదటి విజయం ఈ ఏడాదే. వాళ్లు మనవాళ్లేమీ కారు. కానీ మా ముందు వరసలో రంగు వెలిసిన బోస్టన్ జాకెట్టు వేసుకున్న ఒక ముసలాయన ఫలితం చెప్పగానే కూర్చుండిపోయాడు, మళ్లీ లేవలేదు. అందరూ నిలబడి అరుస్తుంటే ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నేల చూస్తున్నాడు. బయట కాలిబాట మీద మళ్లీ కనపడితే మనవాళ్లు కారులోని చెగోడీల డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. ఆయన ఒకటి కొరికి, ఇది కూడా డ్రమ్ము రిమ్ము మీద కొట్టిన చప్పుడే చేస్తోందన్నాడు.

ఇక థాంక్స్‌గివింగ్ సెలవుల్లో, పిల్లలు ఇళ్లకు వచ్చిన వారంలో, జ్ఞాపకాల సాయంత్రం. మనిషికి మూడు నిమిషాలు. ర్యాంకుల మాట ఎత్తకూడదు. ఇవే నిబంధనలు. ఒక నాన్నగారు మొదటి నిమిషంలోనే మీరారు. 2018లో వ్యాన్‌గార్డ్ 19 ఏళ్ల తరవాత గెలిచిన రాత్రి తాను ఏం చేశాడో చెప్పడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు. క్షమించాం.

మైదానంలో నడిచిన పిల్లల్లో ఒక్కరూ ఫైనల్స్ రాత్రి గురించి చెప్పలేదు. నాకు ఆశ్చర్యం వేసింది. రాత్రి మూడింటికి బస్సు దిగి, చాపలా చుట్టిన పరుపు చంకన పెట్టుకుని, జిమ్‌లో ఫ్యాను కింద చోటు కోసం పరుగెత్తడం ఒకరికి జ్ఞాపకం. మధ్యాహ్నం గాలివాన వచ్చి సాధన ఆగిపోతే, తడిసిన గడ్డి మీద అందరూ జారుడుబండ ఆడటం ఇంకొకరికి. మెలోఫోన్ వాయించే అమ్మాయి తన డాట్ బుక్కు తెచ్చి చేతులు మార్చింది. అరచేతిలో పట్టేంత నోటు పుస్తకం, నడుముకు కట్టుకోవడానికి తాడు. ప్రతి పేజీలోనూ ఒక లెక్క: ఎన్నో స్థానం, ఏ గీతకు ఎన్ని అంగల దూరం, మైదానం ముందు గీతకు ఎంత వెనక. ఐదు గజాలకు ఎనిమిది అంగలు, అంటే ఒక్కో అంగ ఇరవై రెండున్నర అంగుళాలు. తల దించి చూడకుండా ఆ కొలతతోనే నడవాలి. చెమటకు సిరా అలుక్కుపోయిన పేజీల మీద పెన్సిలుతో మళ్లీ రాసుకుంది. నలభయ్యో పేజీ మూలన చిన్న తెలుగక్షరాల్లో ‘ఇక్కడ ఊపిరి’ అని ఉంది. ఎందుకు తెలుగులో రాశావంటే, పక్కవాళ్లకు అర్థం కాకూడదని అంది.

2020లో ఆఖరి ఏడాది నడవాల్సిన అబ్బాయి లేచి నిలబడ్డాడు. ఆ వేసవి కోవిడ్ వల్ల పర్యటన మొత్తం రద్దయింది. మరుసటి ఏడాదికి అతని వయసు దాటిపోయింది. తన జ్ఞాపకం జరగని వేసవేనని, గ్యారేజీలో కారు బయట పెట్టి ఒక్కడే ప్రదర్శన మొత్తం నడిచేవాడినని చెప్పాడు. గ్యారేజీ చిన్నది కాబట్టి ప్రతి ఎనిమిది అంగలకూ వెనక్కి తిరగాల్సి వచ్చేదట. నవ్వుతూనే చెప్పాడు.

వంట బండిలో రెండు వారాలు పనిచేసిన అమ్మగారి మాటలకు మూడు నిమిషాల నిబంధన మేమే ఎత్తేశాం. కోర్ బస్సుల వెనక పెద్ద ట్రక్కు, అందులోనే వంటగది. రోజుకు నాలుగు పూటలు, పూటకు సుమారు రెండు వందల పళ్లేలు. నాలుగో పూట అర్ధరాత్రి, ప్రదర్శన ముగిశాక. ఒకరోజు ఆవిడ పట్టుబట్టి పులిహోర కలిపారు. చింతపండు పులుసు ముందు రాత్రే ఉడికించి, పోపులో పల్లీలు వేద్దామంటే ఎలర్జీ ఉన్న పిల్లలున్నారని ఆపేశారు. పల్లీలు లేని పులిహోర ఏం పులిహోర అనుకుంటూనే వడ్డించారట. టెక్సస్ కుర్రాడొకడు మూడోసారి వరసలోకి వచ్చి, ఈ పసుపు అన్నం రేపు కూడా ఉంటుందా అని అడిగాడట.

ఆ సాయంత్రం చివర మాట్లాడింది తాతగారు. కర్నూలు నుంచి మనవరాలి దగ్గరికి వచ్చారు, పోలీసు బ్యాండులో సైడ్ డ్రమ్ము వాయించి రిటైరైన మనిషి. మనవరాలు స్నేర్ డ్రమ్ము, అంటే అదే సైడ్ డ్రమ్ము, వాయిస్తుందని తెలుసు గాని ఎప్పుడూ దగ్గర నుంచి చూడలేదట. వేసవి పోటీ రోజున, లోపలికి వెళ్లే ముందు, పార్కింగ్ స్థలంలో మనవరాలి స్నేర్ వరస పోటీకి ముందు సాధనగా వాయిస్తుంటే చూశారు. అక్కడ తాళ్లూ టికెట్లూ ఉండవు. ఆరడుగుల దూరంలో నిలబడవచ్చు. తొమ్మిది మంది వరసగా, పద్దెనిమిది కర్రలు, ఒక్కటే చప్పుడు. చుట్టూ జనం ఫోన్లు పైకెత్తి ఉంటే తాతగారు మాత్రం పిల్లల ఎడమ చేతులు చూస్తున్నారు. కుడి చేయి కర్రను పైనుంచి పట్టుకుంటుంది. ఎడమ చేయి మాత్రం అరచేయి పైకి తిప్పి, బొటనవేలి సందులో కర్రను ఇరికించి కింద నుంచి పట్టుకుంటుంది. పూర్వం సైనికులు డ్రమ్మును భుజం పట్టీకి ఏటవాలుగా వేలాడదీసుకునేవారు. ఎడమ అంచు ఎత్తుగా ఉండేది కాబట్టి ఆ చేతికి ఆ పట్టు తప్పనిసరి. ఇప్పుడు డ్రమ్ము ఛాతీకి తగిలించిన పట్టీల మీద బల్లపరుపుగా నిలుస్తుంది. ఏటవాలు పోయినా ఎడమ చేతి పట్టు మిగిలింది. “అది నా చెయ్యి. నలభై ఏళ్లు అలాగే పట్టుకున్నాను” అన్నారు తాతగారు.

తరవాత సభ మధ్యలో ఒక కుర్చీ మీద రబ్బరు ప్యాడు పెట్టారు. మనవరాలు కర్రలు అందించింది. తాతగారికి వేళ్లు వణుకుతాయి, టీ కప్పు పట్టుకోవడం కూడా కష్టం. మొదట నెమ్మదిగా రెండు కుడి, రెండు ఎడమ, రెండు కుడి, రెండు ఎడమ. దాన్ని వాళ్ల బ్యాండులో మమ్మీ-డాడీ అనేవారట. ఇక్కడ పిల్లలు డబుల్ స్ట్రోక్ అంటారు. వేగం పెరిగేకొద్దీ వణుకు ఎక్కడికి పోయిందో తెలియదు. దెబ్బలు విడివిడిగా వినపడటం ఆగి, వాన పడుతున్నట్టు ఒకే జోరు. మనవరాలు రెండో ప్యాడు లాక్కుని కలిసింది. ఒక చోట తాతగారు ఆపి, నీ ఎడమ చెయ్యి బరువు తక్కువ పడుతోంది అన్నారు. మా మాస్టారు కూడా వేసవంతా అదే అన్నారంది ఆ అమ్మాయి.

వచ్చే ఏడాది పనులు. స్థానిక పోటీకి సమయాలు ఇకమీదట ఇద్దరు సరిచూశాకే పంపుతాం. ఒకరు ట్యూబా అబ్బాయి వాళ్లమ్మ. వంట బండికి వెళ్లదలచిన వారు మార్చి లోపు పేర్లు ఇవ్వండి, కత్తి చేతపట్టి ఉల్లిపాయలు కోయగలిగితే చాలు, సంగీత జ్ఞానం అక్కరలేదు. తాతగారి వీసా ఫిబ్రవరి దాకా ఉంది. ఆదివారాలు ఉదయం పది నుంచి పిల్లలకు ప్యాడు మీద నేర్పుతానన్నారు. ప్యాడు, కర్రలు ఎవరివి వారే తెచ్చుకోవాలి.

జ్ఞాపకాల సాయంత్రం పులిహోర కలిపిన పెద్ద ఇత్తడి గంగాళం ఇంకా తిరిగి రాలేదు. అది నిడదవోలు నుంచి ఓడలో వచ్చిన సామానుతో పాటు వచ్చింది, సంఘానిది కాదు. ఎవరి గ్యారేజీలో ఉందో దయచేసి చూసి చెప్పండి.

ఇట్లు,
కార్యదర్శి