బావా, సమాధుల తోటలో మీ అమ్మ దగ్గర కూడా కొవ్వొత్తి పెట్టినా

బావా, వందనాలు. ఫోన్లో సగమే చెప్పినా, నీకేమో డ్యూటీ టైం అయింది, అందుకే మిగతాది కూర్చుని రాస్తన్నా.

ఈస్టర్ ముందు శనివారం సమాధుల తోటకి పోతే లోపలికి కాలు పెట్టే దోవ లేదురా, అంతా చిల్లకంప. ప్రతి ఏడూ ఎవరి వాళ్ల సమాధుల చుట్టూ వాళ్లు కొట్టుకుని వచ్చేసేవాళ్లం గందా, ఈసారి మా బాప్టిస్ట్ కుర్రోళ్లు, మీ ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లు, చెరువుకట్ట దగ్గర పెంతెకొస్తు వాళ్లు అందరూ ఒకేసారి కత్తులు పట్టుకొచ్చారు, ఎవరూ మీటింగ్ పెట్టలా, కంప ఎక్కువుంది, చేతులు చాల్లేదు, అంతే. సాయంత్రానికి మొత్తం శుభ్రం చేసి సున్నం కూడా కొట్టేశాం.

తెల్లారి నాలుగింటికి కరెంట్ లేదు, కొవ్వొత్తుల వెలుతురే. మా పాస్టర్‌గారు, మీ ఉపదేశి ఇద్దరూ ఒకేసారి ప్రార్థన మొదలుపెట్టబోయి ఆగిపోయారు. అప్పుడు ఎవరో ముసలామె యేసు నేర్పిన పరలోక ప్రార్థన ఎత్తుకుంది, అందరం అందుకున్నాం. మీరు మీ నామము అంటారు, మేము నీ నామము అంటాం, మాటలు ఒకదాని మీద ఒకటి పడతానే ఉన్నాయి. చివర్లో మాకు రాజ్యము, బలము, మహిమ అని ఇంకా ఉంటది కదా, మీది ముందే అయిపోద్ది. మీవాళ్లు ఆమెన్ అనకుండా మాకోసం ఆగార్రా! అందరం కలిసి ఆమెన్ అన్నాం. నాకు ఏడుపొచ్చేసింది బావా.

ఎందుకంటే ఇంటర్‌లో నీతో నేనన్న మాట గుర్తొచ్చింది. నీకు పసిబిడ్డప్పుడు నీళ్లు పోసింది అసలు బాప్తిస్మమే కాదన్నా, నువ్వు దాన్ని మీ మాటలో జ్ఞానస్నానం అంటే అదేం మాట అన్నా. మీ అమ్మ ఆ రోజు కూడా నాకు అన్నం పెట్టింది. తప్పు నాదిరా, క్షమించు.

మనూళ్లో ఈ గొడవకి బలం ఎక్కడిదో నీకు తెలుసు. 1878 జులై 3న గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకున్నారని చిన్నప్పట్నుంచి విని పెరిగినోళ్లం, మునగడమంటే మాకు ప్రాణం. ఇప్పటికీ నేను అదే నమ్ముతా, నీ దగ్గర దాచను. కానీ ఆ లెక్కకి ముందు సంగతి ఒకటుంది. 1854 జనవరి 1న పొద్దున్నే ఒంగోలు కొండ ఎక్కి మోకరించింది అమెరికా బాప్టిస్ట్ మిషనరీ జూయెట్ దొర, దొరసాని, ఇంకో ముగ్గురు తెలుగువాళ్లు, మొత్తం అయిదుగురే. చుట్టూ ఇంకేం లేనప్పుడు ప్రార్థన ఒక్కటే ఉంది వాళ్ల దగ్గర. మద్రాసులో 1947 సెప్టెంబర్ 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇంకొందరు కలిసి సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) అనే ఒకే సంఘం అయ్యారు, దానికి ఏళ్ల తరబడి చర్చలు నడిచాయి, అదీ పెద్ద పనే, కాదనను. మాలాంటి బాప్టిస్టులం అందులోకి పోలా. సిద్ధాంతాల్లో మనం ఎప్పటికి కలుస్తామో గానీ, బైబిల్లో యోహాను సువార్త 17లో ప్రభువు మనం ఏకం కావాలని అడిగింది మాత్రం ప్రార్థనలోనే కదరా, శిష్యుల్ని కూర్చోబెట్టి రూల్స్ రాయించలేదు.

ప్రార్థన అయినాక పెంతెకొస్తు వాళ్ల ఇంట్లోంచి ఇడ్లీలు, టీ వచ్చాయి, అక్కడే అరుగు మీద తిన్నాం. మీ ఉపదేశి నన్ను పక్కకి పిలిచి, జనవరి 18 నుంచి 25 దాకా క్రైస్తవ ఐక్యత కోసం లోకమంతా ప్రార్థన చేసే వారం ఉంది, మన మూడు చర్చిల్లో రోజుకొక చోట పెట్టుకుందామా అన్నాడు. మా పెద్దల్లో ఒకరిద్దరు గొణిగారు, ఒప్పుకుంటారో లేదో చూడాలి, నేనైతే ఇంటింటికీ తిరుగుతా.

మీ అమ్మ సమాధికి తల వైపు పెచ్చులూడిపోయి ఇటుక కనపడతంది. మేస్త్రీతో మాట్లాడా, ఈ వారంలో సిమెంట్ వేయిస్తా, డబ్బులు పంపమాక. నువ్వు మాత్రం వచ్చే ఈస్టర్‌కి టికెట్ ఇప్పుడే చూసుకో, నాలుగింటికల్లా తోట దగ్గరుండాలి.